విద్యార్థుల విదేశీ యాత్రలో చివరి రోజు: సింగపూర్ హోటల్ గది నుంచి అనంతపురం దాకా ఎలా నడపాలి

విదేశానికి విద్యార్థులను తీసుకెళ్లే అధ్యాపకులు మొదటి రోజు కోసం నెల ముందు నుంచే సిద్ధమవుతారు. చివరి రోజును మాత్రం ఏజెంటు ఇచ్చిన కాగితంలోని ఒక్క ముక్కకు వదిలేస్తారు: ‘అల్పాహారం, షాపింగ్, విమానాశ్రయానికి ప్రయాణం’. పాస్‌పోర్టు కనిపించకుండా పోయేది, పెట్టె బరువెక్కేది, మూడు రోజులుగా దాచిన జ్వరం బయటపడేది, లెక్కలో ఒకరు తగ్గేది ఎక్కువగా ఆ ముక్కలోనే.

కాబట్టి ముందుగా ఒక నిర్ణయం తీసుకోండి. చివరి రోజున చూడాల్సినవేవీ పెట్టకండి. ఆ రోజుకు ఒకటే పని: వచ్చినంత మందినీ, వచ్చినట్టే ఇంటికి చేర్చడం.

ఉదాహరణకు సింగపూర్ యాత్ర అనుకుందాం. నలభై మంది విద్యార్థులు, నలుగురు అధ్యాపకులు, రాత్రి 8 గంటల విమానం, బెంగళూరులో దిగి బస్సులో అనంతపురం. దేశం వేరైనా, సంఖ్య తగ్గినా పని తీరు ఇదే.

1. రోజును వెనక నుంచి లెక్కవేయండి

సింగపూర్ గడియారం మనకంటే రెండున్నర గంటలు ముందు ఉంటుంది. అక్కడ రాత్రి 8 అంటే మనకు సాయంత్రం 5.30. ప్రయాణం సుమారు నాలుగున్నర గంటలు. బెంగళూరులో దిగేసరికి 10 అవుతుంది. ఇమిగ్రేషన్, సామాను, కస్టమ్స్ ముగించుకుని నలభై మందీ బయటపడేసరికి 11.30. అక్కడి నుంచి బస్సులో మూడు గంటలకు పైనే. అంటే అనంతపురం చేరేది తెల్లవారుజామున 3 గంటల ప్రాంతంలో.

ఈ లెక్కను ముందు రోజే తల్లిదండ్రులకు పంపండి. ‘పదింటికి దిగుతారట’ అన్న ఒక్క మాట పట్టుకుని అర్ధరాత్రికే గడియార స్తంభం దగ్గర స్కూటర్లు నిలిపి కూర్చునే నాన్నలు మన ఊళ్లో చాలామందే ఉన్నారు.

అక్కడి లెక్క కూడా ఇలాగే వెనక నుంచి వేయండి. 7 గంటలకు గేటు దగ్గర ఉండాలి. 5 గంటలకు చెక్-ఇన్ వరుసలో ఉండాలి. 4 గంటలకు విమానాశ్రయంలో దిగాలి. 3 గంటలకు హోటల్ వదలాలి. గదులు ఉదయం 10 గంటలకే ఖాళీ చేయించి, పెట్టెలు హోటల్ వాళ్ల సామాను గదిలో పెట్టించండి. మధ్యలో మిగిలిన సమయం మీ చేతిలో ఉంటుంది. దాన్ని నింపేయాలని ఆరాటపడకండి. ఎవరికైనా వాంతులైతే ఉపయోగపడేది ఆ ఖాళీయే.

పిల్లలు తప్పకుండా అడిగేది ఒకటుంది. చాంగి విమానాశ్రయాన్ని ఆనుకుని ఉన్న జ్యువెల్ భవనంలో 40 మీటర్ల ఎత్తు నుంచి దూకే కృత్రిమ జలపాతం. అది ఇమిగ్రేషన్‌కు ముందు, ఎవరైనా వెళ్లగలిగే చోట ఉంది. అయినా నలభై పెట్టెలతో అక్కడ తిరగడం కుదిరే పని కాదు. మీ ఎయిర్‌లైన్ ముందస్తు చెక్-ఇన్ ఇస్తే పెట్టెలు అప్పగించి వెళ్లండి. లేకపోతే ఇంకేదైనా సాయంత్రం మెట్రోలో తీసుకెళ్లి చూపించేయండి. చివరి రోజుకు దాచకండి.

2. ముందు రోజు రాత్రి: పెట్టెలు

షాపింగ్ ముందు రోజు సాయంత్రంతో ముగియాలి. లిటిల్ ఇండియాలోని ముస్తఫా దుకాణం అర్ధరాత్రి దాటినా తెరిచే ఉంటుంది కాబట్టి ‘ఇంకొక్క గంట సార్’ అనే బేరం వస్తుంది. ఒప్పుకోకండి. రాత్రి 9 తర్వాత కొనేవన్నీ అవసరం లేనివే.

తర్వాత ప్రతి గదికీ వెళ్లి పెట్టె తూకం వేయించండి. కొక్కేనికి తగిలించే చిన్న ఎలక్ట్రానిక్ కాటా ఒకటి మీ సంచిలో ఉంటే చాలు. టిక్కెట్టు మీద ఎన్ని కిలోలు రాసి ఉంటే దానికంటే ఒక కిలో తక్కువే ఉండాలి. కౌంటరు ముందు నేల మీద పెట్టెలు తెరిచి, లోదుస్తులు అందరికీ కనపడేలా సర్దుకోవడం కంటే అవమానం పదిహేడేళ్ల పిల్లకు మరొకటి లేదు.

సర్దేటప్పుడు ఈ వస్తువులను మీ కళ్లతో చూడండి.

పవర్ బ్యాంకు చేతి సంచిలోనే ఉండాలి. కింద వేసే పెట్టెలో పెడితే దాన్ని ఆపేస్తారు, మీరు వెళ్లి తెరవాలి. 100 వాట్ అవర్ దాటకూడదు. మన పిల్లల దగ్గరుండే 20,000 మిల్లీ యాంప్ అవర్ బ్యాంకు సుమారు 74 వాట్ అవర్, కాబట్టి ఇబ్బంది లేదు.

మెర్లయన్ (సింహం తల, చేప ఒళ్లు ఉన్న సింగపూర్ చిహ్నం) బొమ్మ ఉన్న గాజు గోళం, ఊపితే లోపల మెరుపులు రాలేది, ప్రతి రెండో విద్యార్థి కొంటాడు. అందులో ఉన్నది నీళ్లు. చేతి సంచిలో పెడితే భద్రతా తనిఖీలో పోతుంది. దాన్ని పెట్టెలో, బట్టల మధ్య పెట్టించండి. అంతకంటే మంచి చోటు ఇంకొకటి ఉంది. వెళ్లేటప్పుడు అమ్మలు కట్టిచ్చిన వేరుశనగ పొడి, నువ్వుల పొడి స్టీలు డబ్బాలు ఇప్పటికి ఖాళీ అయి ఉంటాయి. గోళాన్ని రెండు మేజోళ్లలో చుట్టి డబ్బాలో పెట్టి మూత బిగిస్తే ఇంటి దాకా పగలదు.

టైగర్ బామ్, యాక్స్ ఆయిల్ లాంటివి ఇంట్లో పెద్దవాళ్ల కోసం డజన్ల లెక్కన కొంటారు. చిన్న సీసాలే కదా అని చేతి సంచిలో వేసుకుంటారు. ఒక్కొక్కటి 100 మిల్లీలీటర్ల లోపే అయినా, అన్నీ కలిపి ఒక లీటరు పట్టే పారదర్శకమైన సంచిలో ఇమడాలి. అన్నిటినీ పెట్టెలో వేయడమే సుఖం. మిగిలిన ఊరగాయ కూడా అంతే. లేదా చివరి అల్పాహారంలోనే ఖాళీ చేయించండి. హోటల్ వాళ్ల బ్రెడ్డుకు నిమ్మకాయ ఊరగాయ రాసుకుని తినడం సింగపూర్‌లో నేరమేమీ కాదు.

డూరియన్ పండును మాత్రం ఎవరు ఎంత బతిమాలినా కొననివ్వకండి. మెట్రోలో దాన్ని తీసుకురావద్దని బోర్డులే ఉన్నాయి. దాని వాసనతో మూసిన ఏసీ బస్సులో అనంతపురం దాకా మీరూ కూర్చోవాలి.

పాత భారతీయ సిమ్ కార్డు ఎక్కడుందో ప్రతి ఒక్కరినీ ఇప్పుడే చూపించమనండి. గోరంత సైజు వస్తువు అది. దాన్ని పాస్‌పోర్టు కవరు లోపల టేపుతో అంటించడం మంచి అలవాటు.

3. పెట్టెలకు గుర్తు

నలభై పెట్టెల్లో ముప్పై నల్లవే ఉంటాయి. ధర్మవరం చీర అంచు నుంచి చించిన ఒకే రంగు పేలికలు బయలుదేరే ముందే కట్టి ఉంటే సరే. లేకపోతే ఈ రాత్రి ముదురు రంగు రిబ్బను కట్టించండి. పేలిక గుంపును చెబుతుంది, మనిషిని చెప్పదు. అందుకే ప్రతి పెట్టెకూ విద్యార్థి వరుస సంఖ్యను పెద్ద అంకెలో రాసిన అట్టముక్క కూడా వేలాడాలి. ఇంటి చిరునామా మొత్తం రాయనక్కర్లేదు. పేరు, కళాశాల ఫోను నంబరు చాలు.

4. ఉదయం: గది తనిఖీ

అధ్యాపకులు గదులను పంచుకుని, విద్యార్థులు లోపల ఉండగానే చూడాలి. చూడాల్సిన చోట్లు ఇవి: గోడకు ఉన్న ప్లగ్గు, బాత్రూం తలుపు వెనక కొక్కెం, మంచం కింద, దుప్పటి మడత, అల్మరాలోని లాకరు. సింగపూర్ ప్లగ్గులకు మూడు దీర్ఘచతురస్రాకారపు పిన్నులుంటాయి కాబట్టి అందరూ అడాప్టర్లు తెచ్చుకుని ఉంటారు. అందులో కొన్ని ప్రతిసారీ గోడకే మిగిలిపోతాయి. లాకరు మూసి ఉంటే తెరిపించకుండా గది వదలకండి.

ఏదైనా విరిగి ఉంటే మీరే రిసెప్షన్‌కు చెప్పి, డబ్బు కట్టి, రసీదు తీసుకోండి. ఊరికి వచ్చాక వచ్చే మెయిలు కన్నా అది చౌక.

5. అరగంట కూర్చోబెట్టండి

అల్పాహారం తర్వాత, పెట్టెలు దించాక, అందరికీ ఒక్కో కాగితం ఇవ్వండి. యాత్రా నివేదికను ఊరెళ్లాక రాయమంటే ఇంటర్నెట్‌లోంచి దించుకొస్తారు. ఇక్కడే రాయిస్తే చూసింది రాస్తారు.

‘మీకు ఏమి నచ్చింది’ అని అడగకండి. జవాబు ‘అంతా శుభ్రంగా ఉంది’ అనే వస్తుంది. గట్టి ప్రశ్న ఒకటి ఇవ్వండి. మన పిల్లలకు నేను ఇచ్చేది నీళ్ల ప్రశ్న. అనంతపురంలో ఏడాదికి పడే వాన 550 మిల్లీమీటర్ల చుట్టుపక్కల. సింగపూర్‌లో 2,000 మిల్లీమీటర్లకు పైనే. అయినా ఆ దేశం 1962 నాటి ఒప్పందం కింద మలేసియాలోని జొహోర్ నుంచి నీళ్లు కొంటోంది. ఆ ఒప్పందం 2061 దాకా నడుస్తుంది. 2003 నుంచి వాడిన నీటినే శుద్ధి చేసి నీవాటర్ పేరుతో మళ్లీ వాడుకుంటోంది. నగరం మధ్యలోని నది ముఖద్వారానికి అడ్డంగా మరీనా బారేజ్ కట్టి మంచినీటి జలాశయం చేసుకుంది. అంత వాన పడే ఊరికి నీళ్లెందుకు చాలవు? వాన పడటం వేరు, దాన్ని నిలిపే చోటు ఉండటం వేరు అని ఎవరో ఒకరు పట్టుకుంటారు. వెంటనే మన చెరువుల మాట వస్తుంది. అక్కడి నుంచి చర్చను మీరు నడపక్కర్లేదు.

ఈ అరగంటలోనే బిల్లులు, ఆస్పత్రికి వెళ్లినవాళ్ల అసలు రసీదులు, మందుల చీటీలు వసూలు చేసుకోండి. ప్రయాణ బీమా డబ్బు అడగాలంటే ఈ కాగితాలు కావాలి. తిరిగొచ్చాక సింగపూర్ క్లినిక్ నుంచి తెప్పించుకోవడం కష్టం.

6. లెక్క పెట్టే పద్ధతి

తలలు లెక్కపెట్టకండి. కదులుతున్న గుంపులో ముప్పై తొమ్మిది నలభై అవుతుంది. ఒకటి నుంచి నలభై దాకా ఎవరి సంఖ్య వాళ్లే గట్టిగా పలకాలి. ‘అందరూ ఉన్నాం సార్’ అన్న మాటకు విలువ లేదు. తరగతిలో స్నేహితుడి హాజరు పలికిన గొంతులే ఇక్కడా ఉన్నాయి. అందుకే పలికినవాడు చెయ్యెత్తాలి, మీరు ముఖం చూడాలి.

హోటల్ వదిలేటప్పుడు, బస్సు దిగినప్పుడు, చెక్-ఇన్ అయ్యాక, ఇమిగ్రేషన్ దాటాక, గేటు దగ్గర, బెంగళూరులో సామాను వచ్చాక, బస్సు ఎక్కాక. ఇన్నిసార్లా అని విసుక్కుంటారు. విసుక్కోనివ్వండి.

7. పాస్‌పోర్టులు ఎప్పుడు ఇవ్వాలి

అధ్యాపకుల దగ్గర ఉంచితే, విమానాశ్రయం దగ్గర పడ్డాక బస్సులోనే వరుస సంఖ్య ప్రకారం ఇవ్వండి. హోటల్‌లో ఇస్తే కనీసం ఒకరు దాన్ని పెట్టెలో భద్రంగా సర్దేస్తారు. పెట్టె బస్సు కింద అరలో ఉంటుంది, దాని మీద ముప్పై తొమ్మిది పెట్టెలు ఉంటాయి.

నిజంగానే పోతే? పోలీసు ఫిర్యాదు, తర్వాత భారత హైకమిషన్. అక్కడ ఎమర్జెన్సీ సర్టిఫికెట్ ఇస్తారు. అది స్వదేశానికి ఒకే ఒక్క ప్రయాణానికి పనికొచ్చే పత్రం. ఆ రోజు విమానం మాత్రం అందదనే అనుకోండి. కాబట్టి అలాంటప్పుడు వెనక ఆగే అధ్యాపకులెవరో ముందే తేల్చుకోండి. అమ్మాయి అయితే మహిళా అధ్యాపకురాలే ఆగాలి. ఆగేవారి దగ్గర డబ్బు, పాస్‌పోర్టు మొదటి, చివరి పేజీల నకళ్లు, ఫొటోలు ఉండాలి. పోలీసులకు 999, అంబులెన్సుకు 995.

8. ‘మాది మీ ఊరే’ అనేవాళ్లు

ఇది నిదానంగా చదవండి. విమానాశ్రయంలో తెలుగు వినపడగానే ఒకాయన దగ్గరకొస్తాడు. ‘అనంతపురమా బాబూ? మాది ప్రొద్దుటూరు. అమ్మకు మందులు పంపాలి, చిన్న పొట్లమే, బెంగళూరులో మా తమ్ముడు వచ్చి తీసుకుంటాడు.’ మాట మర్యాదగా ఉంటుంది. పిల్లలు ఒప్పుకుంటారు, ఎందుకంటే మన ఇళ్లలో అలాగే నేర్పాం.

ఒప్పుకోకూడదు. మందుల పొట్లమే కాదు, చాక్లెట్ల డబ్బా కూడా. విద్యార్థుల గుంపును తనిఖీ చేయరన్న నమ్మకంతో బంగారం పంపేవాళ్లుంటారు. అంతకన్నా ఘోరమైనవి పంపేవాళ్లూ ఉంటారు. మాదకద్రవ్యాల రవాణాకు సింగపూర్ చట్టంలో మరణశిక్ష ఉంది. ‘నాకు తెలియదు’ అన్న మాట ఎవరినీ సులువుగా బయటపడేయదు. అడిగినవాడు నిజంగానే అమ్మకు మందులు పంపేవాడు కావచ్చు, పంపడానికి కొరియర్లున్నాయి.

పిల్లలకు జవాబు ముందే నేర్పండి: ‘మా సార్‌ను అడగండి అంకుల్.’ అంతే. వచ్చి మిమ్మల్ని అడిగేవాళ్లు చాలా తక్కువ.

9. చాంగిలో: పన్ను వాపసు, వరుస, నీళ్లు

సింగపూర్‌లో వస్తువుల మీద 9 శాతం జీఎస్టీ ఉంది. పర్యాటకులకు పన్ను వాపసు ఇచ్చే పథకంలో ఉన్న దుకాణంలో 100 సింగపూర్ డాలర్లకు తగ్గకుండా కొన్న పర్యాటకులు దాన్ని తిరిగి అడగవచ్చు. అడిగేవారికి 16 ఏళ్లు నిండి ఉండాలి, కొన్నప్పుడు వాళ్ల పాస్‌పోర్టే చూపించి ఉండాలి. నలుగురి వస్తువులు ఒకరి పేరున కలిపి కొనడం లాంటి తెలివితేటలు వద్దు. వస్తువు పెట్టెలో ఉంటే చెక్-ఇన్‌కు ముందే యంత్రం దగ్గరకు వెళ్లాలి, ఎందుకంటే వస్తువు చూపించమని అడగవచ్చు. అర్హులు ఐదారుగురే ఉంటారు. వాళ్లను ఒక అధ్యాపకునితో పంపి, మిగతావాళ్లను వరుసలో నిలబెట్టండి.

చెక్-ఇన్‌లో ఒక అధ్యాపకుడు అందరికన్నా ముందు, ఒకరు అందరికన్నా వెనక. ఇమిగ్రేషన్‌లోనూ అంతే. ముందు దాటినవారు అవతల ఒకే చోట నిలబడాలి. దుకాణాల వెలుగు చూసి కదిలిపోతే మళ్లీ పోగుచేయడానికి గంట పడుతుంది.

చాంగి ఒకటి, రెండు, మూడు టెర్మినళ్లలో భద్రతా తనిఖీ గేటు దగ్గరే జరుగుతుంది. బెంగళూరు, హైదరాబాద్‌లకు అలవాటుపడ్డవాళ్లు ఇమిగ్రేషన్ దాటగానే తనిఖీ అయిపోయిందనుకుని సీసాల నిండా నీళ్లు పట్టుకుంటారు. గేటు దగ్గర అవి పోతాయి. సీసాలు ఖాళీ చేసి, మరుగుదొడ్డికి వెళ్లొచ్చి, అప్పుడు గేటు లోపలికి పంపండి. లోపలికి వెళ్లాక మళ్లీ బయటకు రావడం ఇబ్బంది.

నాణేలు మన ఊళ్లో ఎవరూ మార్చరు. ఇక్కడే మంచినీళ్లకో బిస్కెట్లకో ఖర్చు పెట్టించండి.

10. బెంగళూరులో

అంతర్జాతీయ విమానాలు 2023 సెప్టెంబరు నుంచి రెండో టెర్మినల్‌లోనే దిగుతున్నాయి. బస్సు డ్రైవరుకు ఈ మాట స్పష్టంగా చెప్పండి. బస్సు పార్కింగ్‌లోనే ఉండాలి. సామాను మొత్తం చేతికొచ్చాకే పిలవండి.

పెట్టె రాకపోతే, లేదా విరిగి వస్తే, కస్టమ్స్ దాటి బయటకు రాకముందే ఎయిర్‌లైన్ కౌంటరులో ఫిర్యాదు రాయించి నకలు తీసుకోండి. బోర్డింగ్ పాస్ వెనక అంటించిన సామాను చీటీ దానికి అవసరం. బయటకొచ్చాక అదే పని పదింతలవుతుంది.

11. రాత్రి రోడ్డు

ఈ విషయంలో అనంతపురం, కర్నూలు అదృష్టవంతులు. దేవనహళ్లి విమానాశ్రయం బెంగళూరుకు మనవైపున, 44వ జాతీయ రహదారి మీదే ఉంది. నగరంలోకి వెళ్లకుండానే చిక్కబళ్లాపూర్, బాగేపల్లి మీదుగా వచ్చేయవచ్చు. కర్నూలు వాళ్లు హైదరాబాద్‌లో దిగితే శంషాబాద్ కూడా అదే రహదారి మీద, వాళ్లవైపే. కడప వాళ్ల దారి వేరు. మదనపల్లె, రాయచోటి మీదుగా వచ్చి చివర్లో గువ్వలచెరువు ఘాట్ దిగాలి. ఆ మలుపులను చీకట్లో, నిద్రమత్తు డ్రైవరు చేతిలో పెట్టకండి. విమానాశ్రయం దగ్గర ఆ రాత్రి ఉండి, తెల్లవారాక బయలుదేరండి. ఖర్చు పెరుగుతుంది, పెరగనివ్వండి. పగటిపూట వస్తే గువ్వలచెరువులో ఆగి పాలకోవా తినొచ్చు కూడా.

ఏ ఊరైనా, బస్సుకు ఇద్దరు డ్రైవర్లు కావాలని ఒప్పందంలో రాయించండి. డ్రైవరు పగలంతా వేరే బాడుగ తోలి వచ్చాడేమో, ఎక్కే ముందే అడిగి తెలుసుకోండి. ఒక అధ్యాపకుడు డ్రైవరు పక్క సీట్లో మేలుకొని ఉండాలి.

12. అప్పగింత

దారిలో బేరాలు మొదలవుతాయి. హిందూపురం అబ్బాయి కొడికొండ చెక్‌పోస్టు దగ్గర దిగిపోతానంటాడు. పెనుకొండ అమ్మాయి ‘మా చిన్నాన్న వస్తాడు మేడం’ అంటుంది. తల్లిదండ్రులు ముందుగా రాసిచ్చి ఉంటే, వచ్చే మనిషి పేరు, ఫోను నంబరు మీ దగ్గర ఉంటే, ఆ మనిషి బస్సు తలుపు దగ్గరకు వచ్చి సంతకం చేస్తే, దించండి. రోడ్డుకు అవతల నిలబడి చెయ్యూపితే చాలదు. ఈ మూడింటిలో ఏది లేకపోయినా అనంతపురానికే రమ్మనండి.

తాడిపత్రి, గుత్తి, కళ్యాణదుర్గం, ఉరవకొండ పిల్లలకు 3 గంటలకు ఇల్లు చేరే దారి ఉండదు. కళాశాలలో ఒక హాలు తెరిచి, దీపాలు వేసి, మంచినీళ్లు పెట్టి, కాపలాదారుకు ముందే చెప్పి ఉంచండి. మహిళా అధ్యాపకురాలు ఒకరు అక్కడే ఉండాలి. తెల్లవారాక ఆర్టీసీ బస్సుల్లో వెళ్తారు, ఇల్లు చేరగానే ఫోను చేస్తారు. చేయనివాళ్లకు మీరే చేయండి.

తల్లిదండ్రుల వాట్సాప్ గుంపులో ఈ ప్రయాణమంతా ఒక్కరే రాయాలి: హోటల్ వదిలాం, విమానం ఎక్కుతున్నాం, దిగాం, బస్సు కదిలింది, బాగేపల్లి దాటాం. నలుగురు నాలుగు రకాలుగా రాస్తే నలభై ఇళ్లలో ఫోన్లు మోగుతాయి.

13. మిగిలిన లెక్కలు

మరుసటి రోజు నిద్రపోండి. ఆ తర్వాత వారం లోపే బిల్లులన్నీ తేదీల వారీగా కాగితాలకు అంటించి, డాలర్ మారకపు ధర రాసి, కార్యాలయానికి ఇచ్చి అడ్వాన్సు లెక్క మూసేయండి. యాత్రకని తీసుకున్న విదేశీ నోట్లు మిగిలితే 180 రోజుల్లోగా బ్యాంకులో లేదా లైసెన్సు ఉన్న మారకందారు దగ్గర అప్పగించాలి. 2,000 అమెరికా డాలర్ల విలువ దాకా దగ్గర ఉంచుకోవచ్చు. ఫారెక్స్ కార్డులో మిగిలిన డబ్బును ఖాతాలోకి వేయించుకోవడం చాలామంది ఏడాది దాకా మరచిపోతారు. విద్యార్థులకు ఆ సంగతి అదే వాట్సాప్ గుంపులో ఒకసారి గుర్తుచేసి, గుంపు మూసేయండి.